గిఫ్టు బర్నబా

అరకులోయ పోస్టాఫీసు వరండాలో బర్నబా విదేశాలకెళ్ళే పార్సిళ్ళకు గుడ్డ కుడతాడు, కస్టమ్స్ ఫారాలు నింపుతాడు. సూదిని పెదవుల మధ్య పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, లోపల కాఫీ గింజలున్నా కంబళి ఉన్నా ఒకే మాట రాసేవాడు: గిఫ్టు. ఇరవయ్యేళ్ళు ఆ ఒక్క మాటతోనే ఇంగ్లీషు వచ్చినవాడిగా చెలామణి అయ్యాడు. ఇప్పుడు రూలు మారింది. ఏ వస్తువో, దేనితో చేశారో, దేనికి వాడతారో విడివిడిగా రాయాలి. బర్నబా తలైతే ఊపాడు గానీ చెయ్యి మాట వినలేదు. మిషన్ బడి టీచరు సంతోషమ్మ, ఒకప్పుడు తనకు చదువు చెప్పి ఇటలీ వెళ్ళిపోయిన ముసలి సిస్టరు అడిగిందని కొండచీపురు పంపితే, అది నెల తిరక్కుండా విశాఖ కస్టమ్స్ నుంచే వెనక్కొచ్చింది.

"సిస్టరమ్మ మంచం మీదున్నాది. ఏటి రాసినావు, బర్నబా?"

"నాకొచ్చింది ఒక్క ముక్కే గదా, టీచరమ్మా. గిఫ్టని రాసీసినాను."

ఆవిడ చీపురు తీసి అతని బల్ల మీద పెట్టింది. "అయితే ఇది నీకే. రేపు ఇంకోటి తెత్తాను, ఇంగ్లీషు ముక్క నే సెప్తాను, సీపురని రాసి బేగి పంపు."

రోజూ పొద్దున్నే బర్నబా దాంతోనే బల్ల చుట్టూ ఊడుస్తాడు. ఎవరైనా అడిగితే, "కస్టమ్సోళ్ళు నా ఇంగ్లీషు సూసి ఇచ్చిన గిఫ్టు" అంటాడు.