రైలెక్కే సైకిలు

కాణిపాకంలో ప్రమాణం చేయడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తాగుడు మానేవాళ్ళే. అందుకే తడిబట్టలతో వరుసలో నిలబడ్డ నన్ను చూసి ముందున్నాయన, "ఎన్నేండ్ల అలవాటప్పా?" అని అడిగాడు. "ముప్పై ఏళ్ళు. మోటారు బైకు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకూ లేదు.

జరిగింది ఇదీ. పలమనేరు దారిలో బైకు నడుపుతూ, వెనక కూర్చున్న మా ఆవిడతో వాదనకు దిగి తల తిప్పాను. వాదన దేని గురించో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. కంకర మీద బైకు జారింది. నాకు మోచేయి గీసుకుంది, ఆమెకు భుజం దగ్గర ఎముక విరిగింది. అతుక్కుంది గానీ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. ఆమె జడ నేనే వేస్తాను, వంకరగా. ఆ తర్వాత ఆమె నా వెనక ఎక్కలేదు. నేనొక్కణ్ణే బైకు తీసినా, చేరానని ఫోన్ చేసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. "ఇంగ దాన్ని ముట్టనని వినాయకుడి ముందర చెప్పండి" అంది. చెప్పాను. ఆమె భయం పోతే అదే చాలనుకున్నాను.

భయం సంగతి సరే, బడికి పోయేదెట్లా? ఇల్లు తిరుచానూరులో. నేను పాఠాలు చెప్పే బడి ఏర్పేడు స్టేషనుకు ఆరు కిలోమీటర్ల లోపల. తిరుపతి నుంచి రైలుంది. దానికి అటూ ఇటూ ఉన్న దూరాలకే దిక్కు లేదు. ఆటో నిండితే గానీ కదలదు. కాబట్టి సైకిలు, అదీ నాతోపాటు రైలెక్కేది కావాలి. మడిచే సైకిళ్ళు అంగట్లో చూశాను. నా బరువుకు వాటంతటవే మడుచుకునేలా ఉన్నాయి.

ఓ వారం రైల్లో జానలేసి కొలిచాను. తలుపు పక్కన, పాలక్యాన్లు పోను, ఆరున్నర జానల చోటు. ఆ లెక్క పట్టుకుని తిరుపతి స్టేషను పక్కనుండే ముసలి మెకానిక్ దగ్గరికి పోయాను.

"సార్, ఈ కొలతకి పిల్లోల సైకిలే వస్తాది. తొక్కితే మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి" అన్నాడు.

"రైల్లో ఇమడాల గదప్పా."

గొణుక్కుంటూనే చేశాడు. చిన్న చక్రాలు, పొడుగు సీటు రాడ్డు, ముందర పెద్ద పళ్ళచక్రం. ఒక్క నట్టు వదులు చేస్తే హ్యాండిల్ పక్కకు తిరిగి ఫ్రేముకు ఆనుకుంటుంది. మూడో రోజుకే సీటు రాడ్డు వంగింది. నీళ్ళ పైపు ముక్క కోసి పెట్టాడు. అది ఇంతవరకు వంగలేదు.

వంగింది నేనే. సాయంత్రాలు బడి నుంచి స్టేషను దాకా ఎదురుగాలి. నా అవస్థ విని మెకానిక్కే ఆశ పెట్టాడు, "బ్యాటరీ మోటారు పెట్టేస్తా సార్, తొక్కే పనే ఉండదు" అని. రెండు రోజులు దేవుడితో ప్లీడరు వాదన చేశాను. పెట్రోలు లేదు, చప్పుడు లేదు, ఇది బైకెట్లా అవుతుంది? గెలిచాననే అనుకున్నాను. సైకిలు తీసుకుపోయి, మాటల్లో ప్రమాణం సంగతి చెప్పాను.

అతను స్పానర్ కింద పెట్టేశాడు. "కాణిపాకంలో చెప్పినారా? ఇంగ నా సేత్తో నేను పెట్టను సార్. మీరు పెట్టించుకున్నా పాపం నాకూ సుట్టుకుంటాది." దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. విసుక్కుంటూ తొక్కుకుంటూ ఇంటికొచ్చి, జరిగింది మా ఆవిడకు చెప్పాను.

ఆ శుక్రవారం సెలవు. ఆమె అమ్మవారి గుడికి పోవడానికి తయారై వాకిట్లోకి వచ్చింది. ఆటో పిలవమంటుందనుకున్నాను. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇంత తెలివిగా చేయించినారు. నేను యాడ కూర్చోవాల?"

పాలక్యాన్లను లెక్కలోకి తీసుకున్నాను, టీసీకి చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకున్నాను, వినాయకుడితో వాదించాను. ఆమె మళ్ళీ నా వెనక ఎక్కుతుందని మాత్రం ఏ కొలతలోనూ అనుకోలేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా సంతోషమేసింది. ఆమె సైకిలు దగ్గరే నిలబడి జవాబు కోసం చూస్తోంది.