నాలుగు టేపుల దూరం

మూడో సంవత్సరం మొదట్లో మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. మాది ఆప్టోమెట్రీ, కంటి పరీక్షల చదువు. అందరూ చదివే సబ్జెక్టులు కాక ఒక్కొక్కరూ ఒక ఎలెక్టివ్ ఎంచుకోవాలి, దానికి శనివారాలు అదనపు శిక్షణ ఉంటుంది అని అందులో ఉంది. కాంటాక్ట్ లెన్స్ కింద పేర్లు పట్టక కాగితం అంచుల్లో కూడా రాశారు. లో విజన్ కింద రెండే పేర్లు. ఆపరేషన్లతో, అద్దాలతో బాగుపడని చూపు ఉన్నవాళ్లకు, మిగిలిన ఆ కాస్త చూపుతో పనులు ఎలా చేసుకోవాలో నేర్పే సబ్జెక్టు అది. దానికి ఉద్యోగాలు లేవని సీనియర్లు తేల్చేశారు. గొర్రెల మందలో నేనూ ఒకదాన్ని. కాంటాక్ట్ లెన్స్ కిందే నా పేరు రాశాను.

లో విజన్ చెప్పే మేడమ్ నన్ను వరండాలో ఆపి, "నీకు పేషెంటు దగ్గర ఓపిక ఉందమ్మా, నా దాంట్లో చేరరాదూ" అన్నారు. నాకు పేషెంట్ల దగ్గరే ఓపిక. మిగతా లోకం దగ్గర కోపం ముక్కు మీదే ఉంటుంది. "చూపు పోయినోళ్లకి మనం చేసేదేముంది మేడమ్" అనేశాను. ఆవిడ "సరేలే" అని క్లాసులోకి వెళ్లిపోయారు. నాలుగు మాటలు తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

ఎలెక్టివ్ ఏదైనా లాగ్‌బుక్ మాత్రం అందరికీ ఉంది. పరీక్ష చేసిన ప్రతి కంటి వివరమూ అందులో రాసి, ఆ మేడమ్ చేతే సంతకం పెట్టించుకోవాలి. కాలేజీ క్లినిక్‌లో ఒక్క పేషెంటు వస్తే ఐదుగురం మీద పడేవాళ్లం. అందుకని చాలామంది ఇంట్లోవాళ్ల కళ్లతో పుస్తకం నింపుకునేవాళ్లు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని నేనూ మా నాయనను పట్టుకున్నాను.

నాయన నెల్లూరు బజారులో టైలరు. స్కూలు యూనిఫారాలు, రంజాను వస్తే కుర్తాలు పైజామాలు కుట్టేవాడు. ఆయనకు చదువు రాదు. అలాంటివాళ్ల కోసం వేరే చార్టు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరమాలలోని 'ఈ' ఒక్కదాన్నే పైకీ కిందికీ కుడికీ ఎడమకీ తిప్పి వరసలుగా అచ్చువేస్తారు. వరస మారేకొద్దీ అక్షరం చిన్నదవుతుంది. దాని మూడు కాళ్లు ఎటువైపు ఉన్నాయో పేషెంటు మూడు వేళ్లతో చూపించాలి.

చార్టు ఆరు మీటర్ల దూరంలో ఉండాలి. మా ఇంట్లో ఏ గదీ అంత పొడుగు లేదు. నాయన మెడలోంచి టేపు తీసి, వంటింటి గోడ నుంచి కొలుచుకుంటూ వచ్చాడు. ఆయన టేపు మీటరున్నర. నాలుగు టేపులు వేసేసరికి వీధి గుమ్మం వచ్చింది. గుమ్మంలో స్టూలు వేసుకుని ఎడమ కాలు వీధిలో పెడితే సరిగ్గా ఆరు మీటర్లు. "కాలేజీ వాళ్లు మనింటిని కొలిచే పెట్టినట్టుండారే ఈ లెక్క" అన్నాడు నాయన. చార్టును గోడకు నాలుగు మేకులతో కొట్టేశాను.

ప్రతి శుక్రవారం సాయంత్రం, నమాజు నుంచి వచ్చాక, నాయన అరచేత్తో ఒక కన్ను మూసుకుని గుమ్మంలో కూర్చునేవాడు. నేను కర్రతో ఒక్కో అక్షరాన్ని చూపించేదాన్ని. ఆయన మూడు వేళ్లు చకచకా తిరిగేవి. పక్కింటి ఆమె, "ఏంది, బిడ్డ నీకు డాన్సు నేర్పిస్తా ఉందా" అని ఎగతాళి చేసేది. ఆవగింజంత అక్షరాల చివరి వరస దాకా ఒక్క తప్పూ ఉండేది కాదు. రెండు కళ్లకూ ఆరు బై ఆరు, అంటే నిండు చూపు అని రాసుకునేదాన్ని. మేడమ్ సంతకం పెట్టేవారు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఆ ఎనిమిది నెలల్లో జరిగినవన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తాయి. నాయన సూదిలో దారం అమ్మ చేత ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. నలభై దాటితే వచ్చే చత్వారమే కదా అని దగ్గరి చూపుకు అద్దాలు తెచ్చిచ్చాను. పక్కనే పెట్టిన టీ గ్లాసును రెండుసార్లు చేత్తో కొట్టి ఒలకబోశాడు. తలుపు రెక్కకు భుజం తగిలించుకున్నాడు. "చూసుకుని నడవలేవా" అని కసిరాను. ఒక కుర్తాకు జేబు వంకరగా పడిందని దాని తాలూకు మనిషి ఇంటికొచ్చి గొడవ చేశాడు. నాయన తల వంచుకుని కుట్లు విప్పుతుంటే, పని మీద ధ్యాస తగ్గిందని నేనూ ఒక మాట అన్నాను. దీపం కింద చీకటి అంటారు. ఆ దీపం ఎవరో చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

అదనపు శిక్షణలో భాగంగా అందరమూ ఊళ్లలో కంటి శిబిరాలకు వెళ్లాలి. ఒకసారి బోగోలు వైపు సముద్రం ఒడ్డున ఒక జాలర్ల పాళెం తీసుకెళ్లారు. బడి వరండాలో చార్టు తగిలించి, పెద్దవాళ్లను వరసలో నిలబెట్టాం. ఒక ముసలామె వంతు వచ్చింది. నేను కర్ర ఎత్తక ముందే ఆమె వేళ్లు పైకి లేచాయి. అన్నీ సరిగ్గా చెప్పింది. రాసుకోబోతుంటే మేడమ్ వచ్చి, చార్టును తలకిందులుగా తగిలించి, "ఇంకోసారి చెప్పవ్వా" అన్నారు. ఆమె వేళ్లు మళ్లీ మొదటిలాగే తిరిగాయి. ఇప్పుడు అన్నీ తప్పే.

"ముందోళ్లు చూపించినట్టే చూపిస్తిని గదమ్మా" అంది ఆమె, సిగ్గుపడుతూ.

మేడమ్ నవ్వి ఆమె భుజం తట్టి, మావైపు తిరిగారు. "తప్పు ఆమెది కాదు. చార్టు తిప్పకుండా పరీక్ష చేసినవాళ్లది" అన్నారు.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ మా వంటింటి గోడకు కొట్టిన నాలుగు మేకులే కళ్ల ముందు మెదిలాయి. వెంకటాచలం నుంచి కాలేజీకి వచ్చే స్నేహితురాలు పక్కన కూర్చుని ఏదో చెబుతూనే ఉంది. నేను వినలేదు.

ఇంటికి రాగానే మేకులు పీకి, చార్టును తలకిందులు చేసి మళ్లీ కొట్టాను. నాయన కొట్టు నుంచి వచ్చాక, "ఒకసారి కూర్చో నాయనా" అన్నాను. శుక్రవారం కాకపోయినా ఎందుకని అడగలేదు. గుమ్మంలో కూర్చుని, ఎడమ కాలు వీధిలో పెట్టి, ఎడమ కన్ను మూసుకున్నాడు. ఇప్పుడు అడుగుకు చేరిన పెద్ద అక్షరం నుంచే మొదలుపెట్టి, పాత వరసలోనే కర్రతో చూపించాను. వేళ్లు చకచకా తిరిగాయి. పైకి, కుడికి, కిందికి, కుడికి. చివరి వరస దాకా ఒక్కటి కూడా సరిపోలేదు. ఊరికే ఊహించి చెప్పినా ఒకటో రెండో సరిపోతాయి. నాయన పొరపాటు లేకుండా పాత చార్టునే చెప్పాడు.

తర్వాత కుడి కన్ను మూసుకున్నాడు. అన్నిటికంటే పెద్దదైన ఆ మొదటి అక్షరం దగ్గర వేళ్లు పైకి లేచి, ఆగిపోయాయి. ఆ కంటికి అదొక్కటి ఇంకా కనిపిస్తోంది.

"ఏందమ్మా, తిరగేసినావా?" అన్నాడు.

"ఎప్పట్నించి నాయనా ఇట్టా?"

"మొదట్లో బాగానే కనపడేది. తర్వాత్తర్వాత చేతికి వచ్చేసినాయి. కాజాలు కుట్టేటప్పుడు ప్రతి ఒక్కటీ చూసుకుంటా కుడతామా ఏంది?"

"నాకు చెప్పొచ్చు గదా."

"నీ పుస్తకం చెడిపోతాదేమో అనుకుంటిని. వయసుకి వచ్చిందేలే, అదే సర్దుకుంటాదిలే అనుకుంటిని."

నేను అరిచాను. నా మీద రావలసిన కోపం కూడా ఆయన మీదే చూపించాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చార్టు వైపూ నా వైపూ చూసి, ఏమీ అర్థం కాక నిలబడిపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాను. నీటికాసులన్నారు. మేము పుస్తకాల్లో గ్లాకోమా అని చదువుకున్నదే. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది. పోయిన చూపు రాదు, చుక్కల మందు వేసి ఉన్నదాన్ని కాపాడుకోవాలి. కుడి కంట్లో కాపాడుకోవడానికి దాదాపు ఏమీ మిగల్లేదు. డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి, "ఇన్నాళ్లూ ఎక్కడా చూపించుకోలేదా పెద్దాయనా" అని అడిగాడు.

నాయన నేనున్న వైపు చెయ్యి చాచి చూపించాడు. "మా పాప చూస్తానే ఉంది సార్, వారం వారం" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది గర్వమే. దెప్పిపొడుపయినా నేను తట్టుకునేదాన్ని.

ఎలెక్టివ్ మార్చుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది. శనివారం మేడమ్ క్లాసు తలుపు దగ్గర నిలబడి, మార్కులు వద్దు, కూర్చోనివ్వండి చాలు అని అడిగాను. వరండాలో నేనన్న మాట ఆవిడ ఎత్తలేదు. కుర్చీ చూపించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా పట్టుకున్నాను. దీపం ఎటువైపు పెట్టాలి, తెల్లగుడ్డ మీద నల్లదారం ఎందుకు వాడాలి, వేళ్లకు తెలిసేలా గుర్తులు ఎలా పెట్టాలి అన్నీ నేర్చుకున్నాను. నాయన టేపు మీద అంగుళానికొకటి దారంతో ముడి కుట్టిచ్చాను. ఇప్పుడు ముళ్లు తడుముకుంటూ కొలతలు ఆయన తీస్తాడు, మిషను అమ్మ తొక్కుతుంది. కుట్టు సాగిన చప్పుడు వింటూ, అమ్మ ఎక్కడ తప్పిందో పక్కన కూర్చునే చెబుతాడు.

పరీక్షలు దగ్గర పడిన రోజుల్లో ఒక శుక్రవారం నాయన తనంతట తనే స్టూలు జరుపుకుని గుమ్మంలో కూర్చున్నాడు. "ఈ వారం చూడవా అమ్మా" అన్నాడు.

గోడ చార్టు ఎప్పుడో తీసేశాను. చార్టు మధ్య వరస సైజులో ఒక్క అక్షరమే ఉన్న అట్టముక్క చేత్తో పట్టుకుని వంటింటి గోడ దగ్గర నిలబడ్డాను. నాయన కుడి కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. చెయ్యి ఎత్తలేదు. ఒక టేపు దూరం ముందుకొచ్చి, అట్ట తిప్పి పట్టుకున్నాను. లేదు. ఇంకొక టేపు వచ్చాను. "లేదమ్మా" అన్నాడు. ఒక్క టేపు దూరంలో ఆయన మూడు వేళ్లు మెల్లగా లేచి, కిందికి తిరిగాయి. సరిగ్గానే చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో రాసుకున్నాను.

పెన్ను చప్పుడు ఆగేదాకా నాయన అలాగే కూర్చున్నాడు.

"ఇట్టా రాస్తే మీ మేడమ్ సంతకం పెడతాదా?" అన్నాడు.

"పెడతాది నాయనా" అన్నాను.

ఆయన నిమ్మళంగా తల ఊపి, వీధిలో ఉన్న కాలు లోపలికి తీసుకుని, గుమ్మం పట్టుకుని లేచాడు.