అమల పేరు మీదికి వచ్చిన బండి

చిత్తూరు పెద్దాసుపత్రి వెనకగేటుకు ఎదురుగా నాది పూలంగడి. పంకజాక్షి అంగడి అంటే ఎవరైనా చూపిస్తారు. పెళ్లిమాలలు నేను కట్టను. ఆ గేటులోంచి కట్టెలై బయటికి వచ్చేవాళ్లకు కావలసిన మాలలే నా దగ్గర దొరుకుతాయి. అందుకని మనుషుల మీద నాకు పెద్ద భ్రమలేమీ లేవు. చావు ఇంటి మనిషి ఎంత ఏడుస్తాడో, ఆ ఏడుపు మధ్యలోనే మాల ధర ఎంత గట్టిగా బేరమాడతాడో రోజూ చూస్తుంటాను. అయినా పెంచలయ్య కొడుకులు చేసిన పని తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

పెంచలయ్యది ఐరాల పక్క పల్లె. వయసులో ఉండగా బెల్లం లారీలు తోలాడు. తర్వాత చిత్తూరు చేరి ఒక పాత వ్యాను కొని, శవాలను శ్మశానానికి చేర్చే వైకుంఠరథం చేశాడు. రెండు పక్కలా శంఖచక్రాలు వేయించాడు. క్రైస్తవుల ఇళ్లకు పోయేటప్పుడు తగిలించడానికి సిలువ బోర్డు ఒకటి సీటు కింద పెట్టుకున్నాడు. "ఎవురు యా దేవుడి కాడికి పోయినా మన బండిలోనే పోవాల పంకజమ్మా" అని నవ్వేవాడు. ఆ సంపాదనతోనే పెద్దకొడుకు సుకుమార్ సెల్‌ఫోన్ల అంగడి పెట్టాడు. చిన్నకొడుకు మునిచంద్ర డిప్లొమా చదివి, సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజరయ్యాడు.

ఆఖరు బిడ్డ అమల. ఆ బండి అన్నలకు బతుకునిచ్చింది, ఈ పిల్ల పెళ్లిని మాత్రం చెడగొట్టింది. సంబంధానికని వచ్చినవాళ్లు వాకిట్లో బండిని చూసి కాఫీ కూడా ముట్టకుండా లేచిపోయేవాళ్లు. షుగరుతో పెంచలయ్య చూపు మందగించాక స్టీరింగు అమలే పట్టుకుంది. ఆడపిల్ల శవాల బండి తోలడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే, తర్వాత ఆమే రావాలని అడిగి పిలిపించుకున్నారు. గుంతలొస్తే బండి నెమ్మది చేసేది, లోపల పడుకున్నవాళ్లకు నొప్పి తెలుస్తుందేమో అన్నట్టు.

పెంచలయ్య పోయిన రోజు ఆయన్ను తీసుకుపోవడానికి వేరే డ్రైవరు లేడు. కొడుకులిద్దరికీ డ్రైవింగు వచ్చు, కానీ ఆ బండి ఎక్కడం నామోషీ. అమలే తండ్రిని ఎక్కించుకుని, శ్మశానం లోపలిదాకా తోలి, గుంత పక్కన నిలబడి మన్ను వేసి వచ్చింది. ఆడపిల్ల ఇక్కడికెందుకు అని ఆరోజు ఒక్క నోరూ లేవలేదు. అవసరం వాళ్లది మరి.

పదకొండో దినం అయిపోగానే బండి మాట వచ్చింది. ఐరాల పొలంలో జానెడు గట్టు కోసం చొక్కాలు పట్టుకున్న అన్నదమ్ములు, ఈ బండిని మాత్రం నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని తోసుకున్నారు. ఆర్సీలో తన పేరు ఉంటే రేపు కూతురి సంబంధానికి అడ్డమని సుకుమార్ అన్నాడు. ఫ్యాక్టరీలో తెలిస్తే తల ఎత్తుకోలేనని మునిచంద్ర అన్నాడు. అమ్మేద్దామంటే కొనేవాడు లేడు. పలమనేరు నుంచి ఒక టమోటాల వ్యాపారి వచ్చి, ఇంజను చప్పుడు విని బాగుందన్నాడు. లోపల ఇనుప మంచం చూసి ఇదెందుకని అడిగాడు. సంగతి చెప్పగానే చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు అమల, "నా పేరు మీదికి మార్పించండి. నేను తోలుకుంటా" అంది.

సుకుమార్ మొహం వెలిగిపోయింది. "తీసుకో మా. అయితే అదే నీ భాగం. రేపు ఇంటి మాట ఎత్తకూడదు."

"అదేందిరా, ఆడబిడ్డకు ఇంట్లో ఒక గది కూడా ఉండకూడదా?" అని తల్లి మునిరత్నమ్మ అడిగింది.

"బండి మొత్తంగా ఇస్తా ఉండాము కదమ్మా, మేము భాగం అడిగినామా?"

అమల గొడవ పెట్టుకోలేదు. "సరేలే అన్నా. బండి నాకుండనీ, మీరూ నాకుండండి. అంతే చాలు" అంది. ఆ సాయంత్రం అంగడి దగ్గర నేను దాన్ని చెడామడా తిట్టాను. ఇల్లు వదులుకుని ఇనుము తెచ్చుకున్నావే పిచ్చిదానా అన్నాను. "ఇంటి కోసం కొట్లాడితే అన్నలు పోతారక్కా" అంది. నిజంగానే ఆ పిల్లకు కావలసింది ఆ ఇద్దరే. పెళ్లి లేదు, పిల్లల్లేరు. నాయన పోయాక ఒకరి చెల్లెలుగా మిగలాలని దాని ఆశ. నాకది అర్థమైంది కాబట్టే ఇంకా కోపమొచ్చింది.

యజమాని పోయినప్పుడు బండి వారసుల్లో ఒకరి పేరు మీదికి రావాలంటే, మిగిలినవాళ్లంతా మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు, అన్నీ అమలే తిరిగి సమకూర్చుకుంది. సంతకాల రోజు తోడు రమ్మంటే నేనూ రవాణా ఆఫీసుకు పోయాను. ఇలాంటి పనులకు మామూలుగా ఒక వారసుడు అలుగుతాడు, ఇంకొకడు ఫోను ఎత్తడు. ఇక్కడ మునిచంద్ర సెలవు పెట్టుకుని మరీ మొదటి బస్సుకు దిగాడు. సుకుమార్ పెన్ను జేబులో సిద్ధంగా పెట్టుకుని వచ్చాడు. మునిరత్నమ్మ ఒక్కతే సంతకం దగ్గర చెయ్యి ఆపి, కూతురి మొహం చూసి, తర్వాత పెట్టింది.

కౌంటరులో గుమాస్తా ముచ్చటపడ్డాడు. "ఆస్తి కాడ ఇంత ఒద్దికైన అన్నదమ్ముల్ని నేను చూడలేదమ్మా. అదృష్టవంతురాలివి" అన్నాడు అమలతో. పాపం, ఆయనకు ఏ బండో తెలియదు. నాయన బండిని చెల్లెలికి రాసిచ్చేసినామని సుకుమార్ కొన్నాళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

పేరు మారింది. ఆ తర్వాత మారాల్సినవన్నీ మెల్లమెల్లగా మారాయి. ముందు బండిని ఇంటి ముందు పెట్టొద్దన్నారు. తర్వాత వీధిలో పెట్టొద్దన్నారు. ఆ తర్వాత, ఎట్లాగూ బండి ఆసుపత్రి దగ్గరే ఉంటుంది కాబట్టి నువ్వూ ఆ పక్కనే ఉంటే నీకే సుఖం కదా అన్నారు. అద్దెకు గది అడిగితే ఇంటివాళ్లంతా ముందు సరే అని, పని ఏమిటో తెలియగానే చుట్టాలొస్తున్నారని చెప్పారు. చివరికి మా అంగడి వెనక గదిలోకి వచ్చింది. ఆ గది చల్లగా ఉంటుందని పూలు అక్కడ పెట్టేదాన్ని. పూలను బయటికి మార్చాను.

సుకుమార్ కూతురు పవిత్రకు తిరుపతిలో మంచి సంబంధం కుదిరింది. వియ్యంకుడు వెంకటముని కాంట్రాక్టరు, బాగా ఉన్నవాళ్లు. పెళ్లికి అమలను పిలవలేదు. మేనకోడలి పెళ్లని పట్టుచీర కొనిపెట్టుకుని ఎదురుచూసింది పిచ్చిమొహం. పెళ్లి అయిపోయిందని తెలిశాక ఆ చీరను మడత విప్పకుండా పెట్టెలో దాచేసింది. "మర్చిపోయింటారులే" అంది. మర్చిపోలేదని నేను అంటే ఏడుస్తుందని నాకు తెలుసు.

తల్లి మాత్రం వదల్లేదు. శుక్రవారం శుక్రవారం మార్కెట్టుకని చెప్పి మునిరత్నమ్మ మా దగ్గరికి వచ్చేది. తల్లీకూతుళ్లు బండి ముందుసీట్లలో కూర్చుని టీ తాగేవాళ్లు. వాళ్లను చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది. రెండు వారాలు ఆమె రాకపోతే అమల ఫోను చేసింది. జ్వరమని, తగ్గగానే పంపిస్తామని వదిన చెప్పింది. చూడ్డానికి వస్తానంటే, అల్లుడు వచ్చి ఉన్నాడు, తర్వాత రమ్మంది.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే చిన్నబ్బ నా అంగడికి వచ్చాడు. సుకుమార్ అంగడిలో సేల్స్ చూసుకునే మనిషి అతను.

"పెద్దమాల ఒకటి కావాలక్కా. మా ఓనరు వాళ్లమ్మ తెల్లారుజామున పోయింది."

అమల అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. చిన్నబ్బ అప్పుడు చూశాడు ఆమెను. చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె లేచి, ఇంకేమీ అడక్కుండా బండి తాళాలు తీసుకుంది. తల్లి పోయిన సంగతి కన్నకూతురికి మాల కొనడానికి వచ్చిన మనిషి నోట తెలిసింది. అంతకంటే పగవాళ్లు ఏం చేస్తారు.

నేనూ మాల ఒళ్లో పెట్టుకుని బండెక్కాను. వీధి మలుపులోనే సుకుమార్ ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండి ఈడనే ఆపు మా. తిరుపతోళ్లు వచ్చినారు. వేరే బండి చెప్పినాము."

ఇంటి ముందర అద్దాల బండి ఒకటి పూలతో అలంకరించుకుని నిలబడి ఉంది.

"అమ్మ పోతే నాకు చెప్పవా అన్నా?" అని అడిగింది అమల.

"చెప్దామనే అనుకుంటా ఉన్నా" అన్నాడు, ఇంటివైపు చూస్తూ.

ఆమె నడిచి లోపలికి పోయి తల్లి మీద పడింది. ఊరిలో అందరి చావులూ కన్ను తడవకుండా చేసిన మనిషి, ఆరోజు నేలమీద దొర్లి ఏడ్చింది. వచ్చినవాళ్లంతా అటే చూశారు. వెంకటముని మెల్లగా సుకుమార్‌ను అడిగాడు, "ఎవరు బావా ఈమె?"

"మా నాయనకు ఒక వ్యాను ఉండేది బావా. ఆయన పోయినాక ఈమె పేరు మీదికి మారింది. ఆ పరిచయం" అన్నాడు సుకుమార్.

నేను విన్నాను. అమలా వినింది. ఏడుపు ఆపి లేచి, భుజాన ఉన్న సంచిలోంచి ఆర్సీ కార్డు తీసి వెంకటముని చేతికిచ్చింది.

"నా పేరు కింద ఏముండాదో చదవండన్నా."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అమల. తండ్రి పెంచలయ్య" అని పైకే చదివాడు. చదివి సుకుమార్ వైపు చూశాడు. మునిచంద్ర తలొంచుకున్నాడు. 

"చెల్లెలే బావా" అన్నాడు సుకుమార్ ఆఖరికి. "ఈ పని వద్దు మా అంటే వినలేదు."

 శవాన్ని లేపుతుంటే అమలా ఒక చెయ్యి వేసింది. "నేనూ వస్తా, కడదాకా" అంది.

"కూతురినని అందరికీ చదివి వినిపించినావు కదా" అన్నాడు సుకుమార్, పళ్లు బిగబట్టి. "కూతురైతే ఇంటి కాడ ఉండు. ఆడబిడ్డలు శ్మశానానికి రాకూడదు."

పెద్దమనుషులు తలలూపారు. మీ నాయన పోయినప్పుడు ఈ శాస్త్రం యాడికి పోయిందిరా అని అడగబోయాను. అమల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిగతా ఆడవాళ్లతో పాటు వీధి మలుపుదాకా నడిచి అక్కడ ఆగిపోయింది. అద్దాల బండి మునిరత్నమ్మను తీసుకుని, మలుపులో నిలబడి ఉన్న పెంచలయ్య వ్యాను పక్కనుంచి పోయింది.

మధ్యాహ్నం అమల ఫోను మోగింది. సంతపేట నుంచి ఎవరో, వాళ్లమ్మను తీసుకుపోవడానికి బండి కావాలన్నారు.

"ఈ పొద్దు వద్దు లేవే. అమ్మ పోయిన దినం" అన్నాను.

"వాళ్లమ్మ కూడా ఈ పొద్దే కదక్కా పోయింది" అంది. మొహం కడుక్కుని వచ్చింది. "రెండు మాలలు కట్టు. ఒకటి వాళ్లమ్మకు, ఒకటి మా అమ్మకు. ఇద్దరిదీ ఒకే శ్మశానం. మన్ను ఇంకా ఆరుండదు, పైన పెట్టేసి వస్తా. కూతుర్నయితే రావద్దన్నారు. డ్రైవర్ను లోపలికి రావద్దనేవాళ్లు ఎవరూ లేరు."

నేను చామంతులు ముందరేసుకుని కూర్చున్నాను. రెండూ ఒకే పొడుగు కట్టాను.