మోచేతి కింద లేని చెయ్యి

పెరూ రాజధాని లిమాలో కొండవాలు పేటల నుంచి సముద్రం దాకా తిరిగే చిన్న బస్సుకు వెనాన్సియో కండక్టరు. ఆ బస్సులు పూర్తిగా ఆగవు, నెమ్మదిస్తాయి, అంతే. ఎడమకాలు ముందు పెడితే పడిపోతారు. అందుకే దిగేవాళ్ళకు అతను ముప్పై ఏళ్లుగా "కుడికాలు, కుడికాలు!" అని అరుస్తున్నాడు. ముసలివాళ్ళయితే మోచేతి కింద కుడిచెయ్యి ఆనిస్తాడు. ఎడమచేతిలో ఫోను. ముందు బస్సు ఎన్ని నిమిషాల కింద వెళ్ళిందో వీధి మలుపులో నిలబడే మనిషి అందులో చెబుతుంటాడు.

పుస్తకాలది ఒక దారి. ఒకప్పుడు పీట వేసి పరిస్తే గాని చదవలేని గ్రంథాలు తగ్గి తగ్గి ఒంటిచేతికి వచ్చాయి. ఫోన్లది ఎదురు దారి. వెనాన్సియో పాత ఫోనులో అన్ని మూలలకూ బొటనవేలు అందేది. అది చచ్చాక అంగడిలో అంత చిన్నది దొరకలేదు. కొత్తది పళ్ళెమంత.

సెప్టెంబరులో ఒక ఉదయం ముసలి ఎర్మెలిందా దిగుతోంది. ఎర్రగుమ్మడి, చిలగడదుంప పిండితో తీపి వడలు వేసి అమ్ముకునే మనిషి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. కబురు తెర పైకొసన ఉంది. వేలు సాగదీశాడు, అందలేదు. ఆమె మోచేతి కింది కుడిచెయ్యి తీసి సాయం తెచ్చుకున్నాడు. ఒక్క క్షణం. నోరు మాత్రం "కుడికాలు" అంటూనే ఉంది.

ఆమె పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది.

"పాడు ఎడమకాలు ముందు పెట్టి ఉంటాను నాయనా, నువ్వు అరుస్తూనే ఉన్నావు" అంది రోడ్డుమీద కూర్చునే. బస్సంతా అవునంది.

"ఆమే ఒప్పుకుంది కదరా, ఇక నోరు మూసుకో" అన్నాడు డ్రైవరు రుఫినో వెనాన్సియోతో.

మూసుకున్నాడు. కానీ ఆమె పెట్టింది కుడికాలే. అతను చూశాడు.

అక్టోబరు వచ్చింది. క్రీస్తు ఊరేగింపులకు ఊరంతా ఊదారంగు కట్టింది. తీపి వడలు ఏడాదంతా కలిపి ఎంత పోతాయో ఆ ఒక్క నెలలో అంత పోతాయి. ఎర్మెలిందా పొయ్యి మాత్రం చల్లగా ఉంది. వెనాన్సియో మూడు వారాలు ఆ వీధి తప్పించుకు తిరిగి, చివరికి కమలాపళ్ళు పట్టుకుని వెళ్ళాడు. ఆమె పిండికట్టు ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో పెద్ద ఫోనుతో కుస్తీ పడుతోంది.

"మేనకోడలు కొనిపెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకు బస్సెక్కి పోవాలి! నీకు అలవాటేగా, ఒంటిచేత్తో ఎలా తిప్పుతావో చూపించు."

వెనాన్సియో ఫోను అందుకోలేదు.

"నాకూ చేతకాదమ్మా. ఆ రోజు వేలు ఎంత సాగదీసినా అందకే నీ మోచేతి కింద చెయ్యి తీసేశాను. నువ్వు కుడికాలే పెట్టావు."

ఆమె ఫోను పక్కన పెట్టింది.

"చూశావా?"

"చూశాను."

"మూడు వారాలు ఈ కాలిని తిట్టుకున్నానురా. మెట్టు దిగాలంటే భయమేసేది."

అతను తల ఎత్తలేదు.

"లే. చేతులు కడుక్కో. రెండూ."

ఆ సాయంత్రం నుంచి బస్సు దిగగానే అతను ఆమె పొయ్యి దగ్గర నిలబడ్డాడు. తడి పిండి వేళ్ళమీదికి తీసుకుని, బొటనవేలితో చిల్లు పొడిచి నూనెలో వదలాలి. అతనివి ముద్దలుగా పడుతున్నాయి.

"అంత దూరం సాగదీసిన వేలు, ఇంత చిల్లు పెట్టలేదూ?" అంది ఎర్మెలిందా. కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

జేబులో ఫోను మోగింది. అతని రెండు చేతులూ పిండిలోనే ఉన్నాయి.