పడుకున్న బుద్ధుడి పాదాలు

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో నేను పనిచేసే ఇంట్లో ఒక శ్రీలంక అక్క వంట చేసేది. తెలుగు మా రాయచోటి ఆడవాళ్ల దగ్గరే నేర్చుకుంది. ఉల్లిపాయలు తరుగుతూ, "మా ఊరికి రా చెల్లీ, పండుకున్న బుద్ధుణ్ణి చూపిస్తా" అని రోజూ అనేది.

వాళ్లమ్మ పోయినప్పుడు ఇంట్లో పెళ్లివిందు ఉందని, మేం మామా అని పిలిచే యజమానురాలు సెలవివ్వలేదు. అక్క కంటతడి పెట్టకుండా అందరికీ వండి పెట్టింది. మరుసటి ఏడు పని మానేసి వెళ్లిపోయింది.

నేను సెలవుకు ఊరికి వెళుతూ కొలంబోలో దిగితే, అక్క తానన్న మాట ప్రకారం తీసుకెళ్లింది. ఆరుబయట, కొండరాతిలో, లారీకన్నా పొడవైన బుద్ధుడు పక్కకు ఒరిగి ఉన్నాడు. ఎండకు కాలిన నేలమీద చెప్పుల్లేకుండా నిలబడ్డాం.

"నిద్రపోతా ఉండాడా అక్కా?"

"పాదాలు చూడు. నిద్రయితే రెండూ సమానంగా ఉంటాయి. పైది కొంచెం వెనక్కి జరిగింది గదా, ప్రాణం పోయిందని గుర్తు."

చేతిలోని తామరపూలు అక్కడ పెట్టి, "మా అమ్మ పాదాలు నేను చూళ్లేదు చెల్లీ" అని బావురుమంది. అన్నేళ్లలో ఆమె ఏడవగా చూడటం అదే మొదలు.

చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మకు బాగలేదని ఫోనొస్తే, మామాను అడగతా కూర్చోవద్దు. పని పోతే పోనీ, మీ ఊరికి వెళ్లిపో."