కానాగంత అని చెప్పండి

మొన్న ఆదివారం చేపల కొట్లో మా అమ్మాయి అద్దం మీద వేలు పెట్టి, "టూ కానాగంత, ప్లీజ్" అంది. కొట్టతను తలెత్తి చూశాడు. ఐసు మీద పడుకోబెట్టిన ఆ చేప ముందు చీటీలో సాల్మన్ అని రాసి ఉంది. "దట్స్ సామన్, లవ్" అన్నాడు. "నో, ఇట్స్ కానాగంత" అంది మా అమ్మాయి. పుట్టింది ఇక్కడ కాన్‌బెర్రాలోనే కాబట్టి ఈ దేశం చేపల సంగతి తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందన్న ధీమా.

నిజానికి ఇద్దరిదీ తప్పే. అది సాల్మనూ కాదు, కానాగంతా కాదు. తప్పు పేరు వింటే ఒళ్ళు మండే మనిషిని నేను. అయినా ఇద్దరిలో ఎవరినీ దిద్దకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. ఎందుకో చెప్పాలంటే వైటూకే రోజుల్లోకి వెళ్ళాలి.

అప్పటికి నేను నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతూ ఉండేదాన్ని. తురకల పిల్ల తెలుగు చెప్పడమేంటని మొదట్లో కొందరు తల్లిదండ్రులు మొహం చిట్లించారు. పిల్లలకు మార్కులొచ్చాక మానేశారు. మా ఇంట్లో సలాములు ఉర్దూలో, తగాదాలు తెలుగులో. నాకు తగాదాలే ఎక్కువ గనక తెలుగే బాగా వచ్చింది. పెళ్ళయిన కొన్నాళ్ళకు మా ఆయనకు కాన్‌బెర్రాలో కాంట్రాక్టు వచ్చింది. చీరలూ, రెండు నిఘంటువులూ సర్దుకుని నేనూ వెంట వచ్చాను.

మేం ఇల్లు తీసుకున్న పేట గంగాలిన్. పేరులో గంగ ఉందని సంబరపడ్డాను. దిగి చూస్తే ఎండిన గడ్డి, సగం కట్టిన ఇళ్ళు, ఆగకుండా కొట్టే గాలి. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఇప్పుడు మా వీధి చివర నుంచి సిటీలోకి ట్రామ్ పోతోంది గానీ అప్పట్లో బస్సు కోసం నిలబడితే మెడ నొప్పి పుట్టేది.

ఇక మా ఆయన ఉద్యోగం. పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెలతో రాసుకున్నారట. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలనుకుని తికమక పడతాయట. ఆ రెండంకెలూ ఎక్కడెక్కడున్నాయో వెతికి నాలుగు చేయడమే పని. నా క్లాసులో ఎవడైనా తేదీ సగం రాస్తే గోడకుర్చీ వేయించేదాన్ని. ఇక్కడ అదే తప్పు దిద్దడానికి సముద్రాలు దాటించి మనుషుల్ని తెప్పించారు. ఈ మాట మా ఆయనతో అంటే నవ్వేవారు. నవ్వి మళ్ళీ ఆఫీసుకు పోయేవారు. పొద్దున పోతే మాపటికి గానీ వచ్చేవారు కాదు, శనివారాలు కూడా.

ఊళ్ళో నా మాట వినడానికి క్లాసు నిండా పిల్లలుండేవాళ్ళు. ఇక్కడ నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరు, ఆ ఒక్కరూ ఆఫీసులో. బయటికి వెళ్తే నా ఇంగ్లీషు గొంతులోనే ఉండిపోయేది. సూపర్‌మార్కెట్‌లో చేపలు కూడా తలా తోకా లేకుండా, చర్మం ఒలిచి, ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టి ఉండేవి. నీచు వాసన ఉండేది కాదు. నీచు లేని చేపా ఒక చేపేనా? వండి చూశాను, దూది తిన్నట్టుంది. ఆ రోజు గిన్నె కడుగుతూ ఏడ్చాను. బెంగ అనే మాట పిల్లలకు ఎన్నిసార్లు అర్థం చెప్పానో. అర్థం తెలియడం వేరు, అది వచ్చి కడుపులో కూర్చోవడం వేరు.

ఆ ఏడాది రంజాన్ నెల డిసెంబరులో వచ్చింది. మొదటి రోజుల్లోనే ఒక సాయంత్రం ఉపవాసం విడిచాక మా ఆయనతో చెప్పేశాను.

"పండగైనాక నేను పోతానండీ. నా వల్ల గాదు. జనవరిలో వస్తే మళ్ళీ తీసుకుంటామని మా హెడ్ మిస్ట్రెస్ అనింది."

ఆయన చాలాసేపు ఖర్జూరం గింజను పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించారు. "మళ్ళెప్పుడు వస్తావు?"

"రాను. మీ కాంట్రాక్టులు అయిపోయినాక మీరే రండి."

"సరే" అన్నారు.

వాదించి ఉంటే బావుండేది, వాదనలో నేనే గెలిచేదాన్ని. సరే అన్న మనిషిని ఏం చేయను? ఆయన మొహంలో దిగులు కనిపించింది. నాకూ దిగులేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మా ఆయన పక్క సీట్లో ఒక ముసలాయన ఉండేవాడు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని ఈ వైటూకే పని కోసం మళ్ళీ పిలిపించారు. అసలు వయసులో ఉన్నప్పుడు ఆ రెండంకెల ప్రోగ్రాములు రాసిన వాళ్ళలో ఆయనా ఒకడట. తాను పెట్టిన ముడి తానే విప్పుకుంటున్నాడన్నమాట. ఆయనకు చేపల పిచ్చి. ఇక్కడ డిసెంబరులో ఎండాకాలం మొదలవగానే సాల్మన్ గుంపులు నది సముద్రంలో కలిసే మొగలోకి వస్తాయనీ, ఆదివారం పోతున్నాననీ, మీ ఇద్దరూ నా కారులో రండనీ అన్నాడు. ఏడాది చివరిదాకా మళ్ళీ సెలవు దొరకదు గనక మా ఆయన ఒప్పుకున్నారు. నాకిది వీడ్కోలు షికారు అనిపించింది. సాల్మన్ అనే పేరు మాత్రం ఊరించింది. దుకాణాల్లో అన్నిటికంటే ఖరీదైన గులాబీ రంగు చేప అదే. వెళ్ళేముందు అది పట్టామని ఊళ్ళో చెప్పుకోవచ్చు.

కాన్‌బెర్రా వాళ్ళకు కోస్తా అంటే ఒక కొండ దిగడం. మలుపులు తిరిగీ తిరిగీ కిందికి వచ్చాం. నది మొగ దగ్గర కారు దిగి నిలబడిపోయాను. మా పెన్న వేసవిలో ఇసుకే గానీ నీళ్ళు చూపించదు. ఇక్కడ డిసెంబరు ఎండలో నది నిండుగా, టీ డికాషన్ రంగులో వచ్చి, ఇసుక తిన్నె పక్కనుంచి సముద్రంలోకి దూరుతోంది. రెండు నీళ్ళూ కలిసే చోట ఒక గీత, గీతకు అవతల నురగ.

ముసలాయన సాండ్‌విచ్ విప్పి మాకూ ఇవ్వబోయాడు. ఉపవాసమని మా ఆయన చెప్పారు.

"నీళ్ళు కూడా తాగరా?" అన్నాడు.

ఈ దేశంలో ప్రతివాడూ అడిగే ప్రశ్నే. "నీళ్ళు కూడా, అంకుల్" అన్నాను కాస్త పుల్లగా. అంకుల్ అన్నందుకు ఆయన కనుబొమ్మలెత్తి, ఇంతకంటే చెడ్డ పేర్లతోనూ పిలిచారులే అని సాండ్‌విచ్ కొరికాడు.

తర్వాత నా చేతికి పొడుగాటి రాడ్ ఇచ్చాడు. దారం చివర చిన్న చేపపిల్ల ఆకారంలో మెరిసే ఇనప ముక్క, దానికి గాలం. ఎర లేదు, ఆ మెరుపే ఎర. దాన్ని నురగ అవతలికి విసరాలి, ఆపకుండా గబగబా చుట్టాలి. నేను విసిరింది మొదటిసారి నా వెనక గడ్డిలో పడింది, రెండోసారి మా ఆయన టోపీకి తగిలింది. ఇల్లలకగానే పండగ కాదనుకుని విసురుతూనే ఉన్నాను. సల్వార్ మోకాళ్ళ దాకా తడిసింది. నీళ్ళలో నిలబడి ఏదో చేతికి రావాలని చూడడం నాకు కొత్త కాదు. నెల్లూరులో రొట్టెల పండగకు చెరువులో అలాగే నిలబడతాం, మన కోరిక తీర్చే రొట్టె ఎవరి చేతిలో ఉందో అడుగుతూ. మా ఆయనకు ఈ ఉద్యోగం రావాలని అమ్మ అక్కడే ఒక రొట్టె పట్టింది. ఆ రొట్టె ఇంత దూరం విసురుతుందని అమ్మకు తెలిసి ఉండదు.

మధ్యాహ్నమంతా ఒక్క చేప లేదు. అలసిపోయి ఇసుకలో కూర్చున్నప్పుడు ముసలాయన అసలు సంగతి చెప్పాడు. ఇది దుకాణంలో అమ్మే సాల్మన్ కాదట, దానికి చుట్టం కూడా కాదట. మాంసం నల్లగా, నూనె కారుతూ, వాసనేస్తుందట. పట్టడంలో ఉన్న సరదా తినడంలో లేదనీ, చాలామంది వదిలేస్తారనీ, లేదా పిల్లులకు వేస్తారనీ అన్నాడు.

"మరి సాల్మన్ అని ఎందుకంటారు?" అన్నాను. నా ఇంగ్లీషు గొంతు దాటి వచ్చింది, కోపం అలా తోసింది.

"మొదట ఓడల్లో వచ్చిన మావాళ్ళు పెట్టుకున్న పేరు. వాళ్ళ నదుల్లో సాల్మన్ ఉండేది. ఇదేమో కాస్త దానిలా కనిపించింది."

"అంతకు ముందు ఇక్కడున్నవాళ్ళు ఏమనేవాళ్ళు?"

"పేరు ఉండే ఉంటుంది. నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు.

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఇదేందండీ ఇది. చేపను చూసి చేపకు పేరు పెట్టడం గూడా రాలేదా ఈళ్ళకి? ఊరికి గంగ లేదు, చేప సాల్మన్ గాదు. ఇట్టాంటి చోట నన్ను ఉండమంటారా?"

"ఉండమని నేననలేదు గదా" అన్నారాయన మెల్లిగా. లేచి మళ్ళీ నీళ్ళలోకి పోయాను.

ఎండ వాలాక పక్షులు వచ్చాయి. తెల్లటి గుంపు ఒకటి నురగ మీదికి పడి పడి లేస్తోంది. వాటి కింద నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలాయి. ముసలాయన అరవకుండా వేలితో చూపించాడంతే. విసిరాను, ఈసారి సరిగ్గా పడింది. నాలుగు చుట్లు చుట్టానో లేదో రాడ్ వంగిపోయింది. నా చేతుల్ని అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ లాగలేదు. చేప గాల్లోకి లేచింది, తల విదిలించింది, మళ్ళీ మునిగింది. దారం వదులైతే గాలం ఊడిపోతుందని ముసలాయన పక్కన నిలబడి చెబుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే పొద్దు కుంకింది. ఉపవాసం విడిచే వేళ. నా రెండు చేతులూ రాడ్ మీద. మా ఆయన ప్యాంటు తడుపుకుంటూ నీళ్ళలోకి వచ్చి, తన నోట్లో ఏమీ వేసుకోకుండా, ముందు ఒక ఖర్జూరం నా నోట్లో పెట్టారు. గింజ కూడా తీసి పెట్టారు. దువా ఇద్దరం కలిసి గొణిగాం. ఆయన సీసా ఎత్తి నీళ్ళు పట్టారు, సగం నా దుపట్టా మీద పోయాయి. చేప లాగుతూనే ఉంది. నాకు నవ్వొచ్చింది, ఆయనా నవ్వారు. ఇక్కడికి వచ్చాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

ఒడ్డుకు లాగాక చూస్తే మూరెడు పొడుగుంది. వెన్ను ఆకుపచ్చ, పొట్ట వెండి. ముసలాయన వెంటనే కత్తి తీసి మెడ కింద కోసి నెత్తురు కార్చేశాడు, లేకపోతే మాంసం పాడవుతుందట. దేవుడి పేరు చెప్పి మెడ కోసే జబా చేపకు అక్కర్లేదు, మా మతంలో దానికి ఆ మినహాయింపు ఉంది. ఈయనేమో చేపను కూడా హలాల్ చేస్తున్నాడని మా ఆయన చెవిలో అంటే ఆయనకు పొలమారింది.

"పిల్లి ఉందా మీకు?" అని ముసలాయన అడిగాడు.

"నేనున్నాను" అన్నాను. తలకాయ తీయొద్దని కూడా చెప్పాను.

కారెక్కేముందు చేతులు వాసన చూసుకున్నాను. నీచు. అచ్చంగా మా మార్కెట్లో కానాగంతల బుట్ట దగ్గర వచ్చే వాసన. కానాగంత జానెడే ఉంటుంది, పేదా సాదా కొనుక్కునే చేప, మాంసం ఇలాగే నల్లగా నూనెగా ఉంటుంది. కొండ ఎక్కుతున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, తుడుచుకోలేదు.

మర్నాడు పులుసు పెట్టాను. పచ్చి మామిడికాయ దొరక్క పుల్లటి ఆకుపచ్చ ఆపిలు ముక్కలు వేశాను. ఉపవాసంలో రుచి చూడలేదు, వాసనతోనే ఉప్పూ పులుపూ అంచనా కట్టాను. సాయంత్రం మా ఆయన తలకాయ నా కంచంలో వేసి, తోక ముక్క తను తీసుకుని, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. మిగతాది రేపటికి ఉంచమన్నారు. చేపల పులుసుకు అసలు రుచి మర్నాడేనని మా వైపు అందరికీ తెలుసు.

ఆ మర్నాడు పొద్దున ముసలాయన కోసం ఒక డబ్బాలో పోసి ఇచ్చాను. మా ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఏం కూర అని అడుగుతాడు. సాల్మన్ పులుసు అని చెప్పనా?"

"సాల్మన్ అంటే ఊరుకోను. కానాగంత అని చెప్పండి."

"ఇది కానాగంత గాదు గదా."

కాదు. ఆ సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు. తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఓడల్లో వచ్చినవాళ్ళకు మాత్రం తెలియలేదా? తెలిసే ఉంటుంది. ఊరి మీద బెంగతో చచ్చిపోతూ, చేతిలో ఉన్న చేపకు వదిలి వచ్చిన చేప పేరు పెట్టుకున్నారు. మొన్న వాళ్ళను అన్న మాటలకు సిగ్గేసింది. ఆ పేరు పెట్టినవాళ్ళు మళ్ళీ ఓడెక్కి వెనక్కి పోలేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది.

మా ఆయన చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు. "టికెట్ సంగతి ఇవాళ ఏజెంటుకు చెప్పాల."

"ముందు ముసలాయన్ని అడగండి, మళ్ళా నదికి ఎప్పుడు పోతాడో."

ఆయన తలెత్తారు. డబ్బా రెండు చేతులతో పట్టుకుని బస్సు స్టాపు వైపు నడిచారు, మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆ సాయంత్రం నెల్లూరుకు ఫోన్ చేసి, జనవరికి రావడం లేదని మా హెడ్ మిస్ట్రెస్‌కు చెప్పాను. లైను గరగరమంటోంది. "ఏమైందమ్మా, అక్కడ ఉండలేకపోతున్నానన్నావు గదా" అని ఆమె గట్టిగా అడిగింది.

"ఇక్కడ కానాగంతలు దొరుకుతున్నాయి మేడం" అన్నాను.