కస్టమర్ స్వయంగా రావాలి

మా ముందటి గదిలో కంప్యూటర్ బల్ల ఉంది. దాని కుడి అంచున గోరు తగిలి తగిలి రంగు వెలిసిపోయిన చోటు ఒకటుంది. మా సారు అక్కడ కూర్చుని నా డైరీలు టైపు చేసేవారు. నా చేతిరాతలో ఏదైనా మాట అర్థం కాకపోతే ఆ చోట గోటితో టక్, టక్ టక్ అని కొట్టేవారు. నేను వంటింట్లోంచి వచ్చి ఆ మాట చదివి చెప్పి పోయేదాన్ని.

పేరు పెట్టి పిలుచుకోవడం మా ఇద్దరికీ లేదు. ఆయన మిర్యాలగూడలో లెక్కల మాస్టారుగా చేశారు. ఊరందరికీ సారు, నాకూ సారే. నేను సూర్యాపేట ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. ఆయన పేరు ఎన్ని కాగితాల మీద రాశానో లెక్కలేదు, మరణ ధ్రువపత్రం దరఖాస్తు మీద కూడా రాసే ఇచ్చాను. నోటితో మాత్రం ఒక్కసారీ అనలేదు. అది భక్తి కాదు, భయమూ కాదు. మా అమ్మ అనలేదు, మా అత్త అనలేదు, నాకూ నోరు తిరగలేదు. అంతే.

బడిలో ఉన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు నాది. రాసినవన్నీ కోదాడలో మా పుట్టింట్లో రేకు పెట్టెలో పెట్టాను. ఒక వానాకాలం గోడ చెమ్మ పెట్టెలోకి దిగింది, వెనకాలే చెద పట్టింది. నేను పెట్టె మూత తీసి చూసి మళ్ళీ మూసేశాను. సారు మాత్రం దాన్ని సూర్యాపేటకు తెచ్చి, అంటుకుపోయిన కాగితాలను కత్తి మొనతో ఒక్కొక్కటే విడదీసి, ఎండలో ఆరబెట్టి, రెండు వేళ్ళతో టైపు చేయడం మొదలుపెట్టారు. ఏళ్ళు పట్టింది. టైపు చేసిన కాగితం చేతిలోనే పొడి అయ్యేది. ఆ పొడిని నిమ్మచెట్టు మొదట్లో పోసేవారు. అలా నా బతుకంతా ఆ కంప్యూటర్ డబ్బాలోకి చేరింది. ఇంకోచోట కాపీ పెట్టాలని ఆయనే అంటుండేవారు. ఆ పని మిగిలిపోయింది.

చుట్టాలింట్లో పెళ్ళికని ఒకరోజు కోదాడ బయల్దేరారు. చెప్పులేసుకుంటూ “పోయొస్త” అన్నారు. బస్సు దిగి బస్టాండులోనే కూలిపోయారట.

ఇది జరిగిన తర్వాతి ఎండాకాలం. మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను చపాతీ పిండి కలుపుతున్నాను. కరెంటు రాగానే ముందటి గదిలో కంప్యూటర్ దానంతట అదే లేచింది. డబ్బాలో ఫ్యాను తిరిగిన చప్పుడు. ఆ తర్వాత టక్. టక్ టక్.

“వస్తున్న” అన్నాను. పిండి చేతులతో గుమ్మం దాకా పోయాక ఖాళీ కుర్చీ కనబడింది.

తెర మీద ఇంగ్లీషులో ఒక్క వరుస ఉంది. డిస్కు కనిపించడం లేదని దాని అర్థం. లోపల ఆ చప్పుడు ఆగి ఆగి వస్తూనే ఉంది. ఆ రోజు నుంచి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇదే వరస. సూర్యాపేటలో ఎండాకాలం కరెంటు ఎన్నిసార్లు పోయొస్తుందో చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ కొన్నప్పుడు సారు తన పేరు మీద, తన ఫోను నంబరు మీద సర్వీసు ప్లాను కూడా తీసుకున్నారు. గడువు ఇంకా ఉంది. కంపెనీ నంబరుకు ఫోను చేశాను. పాట అయిపోయాక ఒక అబ్బాయి గొంతు వచ్చింది, చాలా మర్యాదగా.

“రిజిస్టర్డ్ కస్టమర్ పేరు చెప్పండి మేడమ్.”

 చివరికి, “ఏడుకొండలవాడి పేరు బాబూ” అన్నాను. మా వైపు ఆడవాళ్ళం అట్లాగే చెబుతాం, విన్నవాళ్ళు అందుకుంటారు.

టకటకా టైపు చేసి చూశాడు. “క్షమించండి మేడమ్. ఏడుకొండలు గారు అన్న పేరు మా రికార్డులో లేదు.”

అప్పుడు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ విడదీసి చెప్పాను. విడివిడి అక్షరాలు పేరు కావు కదా.

“ధన్యవాదాలు మేడమ్. సార్‌తో మాట్లాడవచ్చా?”

“సారు లేరు.”

“ఎప్పుడొస్తారు మేడమ్?”

మా దగ్గర ‘లేరు’ అని కొంచెం ఆగి అంటే చాలు, అవతలివాళ్ళు ‘అయ్యో’ అంటారు. అంతకుమించిన మాట అనిపించరు. ఆ అబ్బాయి జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు. “తెల్వదు” అన్నాను.

“పర్వాలేదు మేడమ్. సార్‌తో మేమే మాట్లాడతాం. ఒకసారి ఆ శబ్దం వినిపిస్తారా?”

ఫోను తీసుకుపోయి డబ్బాకు ఆనించాను. టక్. టక్ టక్.

“మేడమ్, ఎవరో తలుపు కొడుతున్నట్టున్నారు. మీరు చూసి రండి, నేను లైన్లో ఉంటాను.”

మరుసటి రోజు నా ఫోనుకు సందేశం వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది, మీ కంప్లైంటు మూసివేయబడింది అని. ఇంటికి ఎవరూ రాలేదు. కోపంతో మళ్ళీ చేశాను. ఈసారి ఒక అమ్మాయి.

“సార్‌తో మాట్లాడాం కదా మేడమ్. మిషన్ బాగానే నడుస్తోందని చెప్పారు.”

“ఏ సారుతో?”

“మీ సార్‌తోనే మేడమ్. కోదాడ దగ్గర ఉన్నానన్నారు. సాయంత్రం వరకు వస్తానన్నారు.”

నేను ఫోను పెట్టేసి పడసాలలో కూర్చున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ట్రెజరీలో ఒక సంతకం తేడాగా ఉంటే బిల్లు తిప్పి పంపిన దాన్ని. అయినా ఆ సాయంత్రం గేటు గొళ్ళెం పెట్టలేకపోయాను. పెడితే ఎవరినో బయట ఉంచినట్టవుతుందనిపించింది. ఏడు దాటాక లేచి పెట్టాను. ఆ కాసేపు ఏమనుకుంటూ కూర్చున్నానో డైరీలో కూడా రాయలేదు.

ఆయన నంబరు రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయిందనుకున్నాను. పొద్దున చేసి చూశాను. మోగింది.

“హలో, ఎవలు?” మగ గొంతు. వెనక ఇంజను మోత.

“సారు... సారు కావాలె.”

“ఏ సారమ్మా? పేరు చెప్పరాదు?”

చెప్పలేకపోయాను. అవతల ఆయనే నిట్టూర్చాడు.

“ఆ లెక్కల సారేనా? నేను ఆయన గాదమ్మా. లారీ డ్రైవర్‌ని. మాది పాలకీడు. కోదాడ అవతల్నించి మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోల్త. కొత్త సిమ్ము తీస్కుంటే ఈ నంబర్ ఇచ్చిండ్రు. తీస్కున్న కాడ్నించి ఒకటే పరేషాన్. మొదట్ల కాదు కాదన్న. ఆయన కాడ సదువుకున్నోళ్ళట, ఎవ్వలు ఇంటలేరు. ‘సార్, మీరు మస్తు మారిండ్రు, మమ్మల్ని మర్చిపోయిండ్రు’ అంటరు. ఇగ ఆఁ నేనే అంటున్న. బాగున్నరా సార్ అంటే బాగున్న బిడ్డా అంట. వాళ్ళకు ఖుషీ, నాకు గొడవ ఖతం.”

“కంపెనీ వాళ్ళు ఫోన్ చేసిండ్రా?”

“చేసిండ్రు. మిషన్ నడుస్తుందా సార్ అన్నరు. నా బండి గురించి అనుకున్న. మంచిగ నడుస్తుంది అన్న. ఏడున్నరు అంటే, కోదాడ దాటుతున్న, పొద్దుమీకి వస్త అన్న. మిల్లోళ్ళు అనుకున్ననమ్మా.” మళ్ళీ అతనే అడిగాడు. “ఇంతకు సారు ఏరి?”

“లేరు.”

ఇంజను మోత తగ్గింది. బండి పక్కకు ఆపినట్టున్నాడు. “అయ్యో” అన్నాడు.

ఇక దాపరికం ఎందుకని కంపెనీకి మళ్ళీ ఫోను చేసి, ఆయన చనిపోయారు అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పాను. మొదట మాట్లాడిన అబ్బాయే దొరికినట్టున్నాడు, గొంతులన్నీ ఒకేలా ఉంటాయి. చాలా విచారిస్తున్నామన్నాడు. కాసేపు పాట వినిపించాడు. తర్వాత, “ప్లాన్ మీ పేరుకు మార్చాలంటే మిర్యాలగూడలో మా సర్వీస్ సెంటర్‌కు రిజిస్టర్డ్ కస్టమర్ స్వయంగా రావాలి మేడమ్” అన్నాడు.

“చనిపోయిన మనిషి ఎట్ల వస్తడు నాయనా?”

“మీ ఇబ్బంది అర్థమైంది మేడమ్. ఆయన రాలేకపోతే ఫోన్‌లో అయినా అనుమతి ఇవ్వాలి.”

ఆ మాట డ్రైవర్‌కు చెబితే పగలబడి నవ్వాడు. నవ్వి, “చచ్చినోని అనుమతి గావాల్నా? నేనిస్త తియ్యి. నువ్వు డబ్బా తీస్కొని పో అమ్మా. వాళ్ళు ఫోన్ జేస్తే ఆఁ అంట” అన్నాడు.

అది తప్పు పని అని నాకు తెలుసు. నా డైరీలు బయటికి వస్తే చాలనుకున్నాను. డబ్బాను పాత దుప్పట్లో చుట్టి మిర్యాలగూడ బస్సెక్కాను, కిటికీ పక్కన ఒళ్ళో పెట్టుకుని. బస్సు కుదిపినప్పుడల్లా లోపల ఏదో కదిలేది. పక్కన కూర్చున్న ముసలమ్మ “పిల్లగాడు నిద్రవోయిండా?” అని అడిగింది. దుప్పటి అట్లా ఉంది మరి. నేను తల ఊపాను.

సర్వీస్ సెంటర్ ఒక మెట్లదారి పైన ఇరుకు గది. కౌంటర్లో నడివయసు మనిషి డబ్బా విప్పి, తీగలు తగిలించి, వెంటనే చెప్పాడు.

“డిస్క్ పోయింది మేడమ్. ప్లాన్ ఉంది కాబట్టి కొత్తది ఏస్తం. పాతది మేం వాపస్ పంపాలె.”

“పాతది నాకు ఇయ్యరా?”

“రూల్ లేదు. అందులున్న దానికి మా జిమ్మేదారి లేదు. అవసరమైనవేమన్న ఉంటే కాపీ ఉంటది గద మీ దగ్గర?”

నేను ఇంకేదో అనేలోపే ఆయన బల్ల మీది ఫోను నుంచి సారు నంబరు కలిపి స్పీకరు పెట్టాడు. ఇద్దరం దాని వైపే చూశాం.

“సార్, డిస్క్ మార్చుడానికి మీ మంజూరు గావాలె.”

“ఆఁ, నేనే. మా ఆమె వచ్చింది గదా, చేసియ్యుండ్రి” అన్నది ఫోను.

ఎన్నడూ చూడని మనిషి. అయినా ఆ గదిలో, మూతతీసిన ఆ డబ్బా పక్కన, ‘మా ఆమె’ అన్న మాట వినబడగానే నా చేయి కౌంటరు అంచు పట్టుకుంది.

“పేరు చెప్పుండ్రి సార్.” చెప్పాడు, రోజూ వినే పేరు కాబట్టి తడబడలేదు.

“మేడమ్ పేరు?”

 నా పేరు నేను డ్రైవర్‌కు చెప్పనే లేదు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఫోనులోంచి మెల్లగా, కొంచెం సిగ్గుపడుతున్నట్టు వచ్చింది.

“నేనెన్నడు ఆమెను పేరు పెట్టి పిల్వలేదు సార్.”

కౌంటరాయన నవ్వాడు. “పాతకాలం మనుషులు. మా నాయన గూడ గింతే.” స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. డ్రైవర్ తప్పించుకోవడానికి అన్నాడు, నిజం. కానీ మా సారు ఉన్నా అదే మాట అనేవారు. ఈ అబద్ధం ఇలాగే నడిస్తే మా సారు కోదాడ దాటుతూ, సాయంత్రానికి వస్తూ, ఎప్పటికీ ఉంటారు. పాత డిస్కు మాత్రం ఏదో గోదాములో ముక్కలవుతుంది. ఆయన అన్నేళ్ళు కూర్చుని చేసిన పని అందులో ఉంది.

“ఆగుండ్రి” అన్నాను.

ఆయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, గట్టిగా. నా చెవికి అది ఎవరో పరాయి మనిషి గొంతులా వినబడింది. “ఆయన చనిపోయిండు. ఈ ఫోనులో ఉన్నది ఆయన గాదు. మీ ప్లాను నాకొద్దు, రద్దు చేసుకోండ్రి. ఆ డిస్కు నాకియ్యుండ్రి.”

కౌంటరాయన చేతిలో స్క్రూడ్రైవర్ అట్లాగే ఉండిపోయింది. “మరి మొన్న సార్‌తోని మాట్లాడినమని మా వాళ్ళు రాసిండ్రు... ఇప్పుడు నాతోని...” అని ఫోను వైపు చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

“సచ్ మాటనే సార్” అన్నది ఫోను. “నేను డ్రైవర్‌ని. ఆ సారు లేరు.”

ఆయన ఇంకేమీ అడగకుండా డిస్కు ఊడదీసి, ఒక కాగితంలో చుట్టి, చేతికివ్వకుండా కౌంటరు మీద నా వైపు జరిపాడు.

సూర్యాపేటలో ఒక చిన్న కంప్యూటర్ దుకాణంలో దాన్ని కదిలించి చూశారు. కాసేపు తిరిగేది, ఆగిపోయేది, మళ్ళీ తిరిగేది. కొన్ని సంవత్సరాల డైరీలు వచ్చాయి. కొన్ని రాలేదు. వచ్చినవాటిలో మధ్యమధ్య అక్షరాల బదులు ఖాళీ చదరాలు, చెదలు తిన్నట్టే. పోయిన రోజులను గుర్తున్నంత మేరకు ఇప్పుడు చేత్తో రాస్తున్నాను, అదే బల్ల మీద.

డిస్కు తీసేసినా ఆ డబ్బా జబ్బు పోలేదు. కరెంటు వస్తే ఇంకా దానంతట అదే లేస్తుంది. మొన్న మధ్యాహ్నం రాస్తూ రాస్తూ, పెళ్ళైన కొత్తలో మిర్యాలగూడలో మేం కిరాయికి ఉన్న ఇంటి ముందు ఏ చెట్టుండేదో గుర్తుకు రాలేదు. నాకు తెలియకుండానే వేలు బల్ల అంచుకు పోయి, టక్, టక్ టక్ అని కొట్టింది. అప్పుడే కరెంటు వచ్చింది. డబ్బాలో ఫ్యాను తిరగడం మొదలైంది.

ఆయన పేరు పెట్టి పిలిచి, ఆ చెట్టేమిటని అడిగాను.

కాసేపు చూసి, కాగితం మీద ఆ చెట్టు పేరుకు సరిపడా చోటు వదిలి, కింది వరుసలో రాయడం మొదలుపెట్టాను.